కమాను బలిస్తే బ్రేకు బలవదు
పికప్పు బండ్లకు ఇంటి మరమ్మతు మంచిదే. ఇష్టం వచ్చిన మార్పులే ముప్పు

సాలూరు: ఒకప్పుడు పల్లెలో కాస్త కలిగిన రైతు అంటే ఇంటి ముందు ఒక జత ఎడ్లు, ఒక నాటుబండి ఉండేవి. నేడు ఆ స్థానంలో పికప్పు బండి నిలబడింది. ఉద్దానం కొబ్బరికాయలు, పలాస జీడిపిక్కలు, సీతంపేట కొండల అనాసపండ్లు, విజయనగరం మామిడి, భావనపాడు తీరంలో పట్టిన చేపలు అన్నీ ఈ బండి ఎక్కితేనే మార్కెట్టు ముఖం చూస్తున్నాయి. కళ్లంలో ధాన్యం మిల్లుకు పోవాలన్నా, ఎరువు కట్టలు ఊరికి రావాలన్నా ఇదే దిక్కు.

ఈ బండ్లలో ఎక్కువ భాగం ఫైనాన్సు మీద కొన్నవే. బాడుగ దొరికినా దొరకకపోయినా నెల తిరిగేసరికి వాయిదా కట్టక తప్పదు. అందుచేత యజమానే డ్రైవరు, డ్రైవరే మెకానిక్కు అయి కూర్చుంటున్నాడు. పని లేని రోజున వేపచెట్టు కింద బండిని నిలిపి, జాకీ ఎత్తి, చేతులకు గ్రీజు పూసుకుంటున్న కుర్రవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. సొంత బండిని సొంత చేతులతో చూసుకునేవాడికే దాని జబ్బు ముందుగా తెలుస్తుంది.

అయితే మరమ్మతు వేరు, మార్పు వేరు. అరిగినదానిని తిరిగి మొదటి స్థితికి తేవడం మరమ్మతు. కంపెనీ ఇచ్చిన కొలతను దాటి బండిని పెంచడం మార్పు. ఈ రెండింటి మధ్య ఉన్న గీత రెండు జిల్లాల్లోనూ రోజురోజుకూ చెరిగిపోతున్నది. ఆందోళన కలిగిస్తున్న విషయం ఇదే.

సాలూరు నేర్పిన చేతిపని

బండికి బాడీ కట్టడం, కమాన్లు విప్పి బిగించడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు, అంతకుముందు విజయనగరం జిల్లాలో ఉన్న రోజుల నుండీ లారీల ఊరుగానే పేరు పొందింది. విజయనగరం నుండి రాయపూర్ వైపు పోయే రహదారి మీద, సుంకి ఘాటు మొదలయ్యే కొండల దాపున ఉండటం వల్ల లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు, బాడీ కట్టే వడ్రంగులు, వెల్డర్లు, టైర్ల పనివారు అక్కడ స్థిరపడ్డారు. ఘాటు ఎక్కే లారీకి ఏమి కావాలో, దిగే లారీకి ఏమి కావాలో ఆ ఊరి పనివారికి తెలిసినంతగా మరొకరికి తెలియదంటే అతిశయోక్తి కాదు.

1980వ దశకంలో చిన్న లారీలు వచ్చాయి. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ అప్పట్లో తెలుగువారికి సొంత బండిలా అనిపించేది. తర్వాత 2005లో టాటా ఏస్ వచ్చింది. ముప్పాతిక టన్ను మోసే ఆ చిన్న బండి, లారీ కొనలేని కుర్రవాడిని కూడా యజమానిని చేసింది. బొలేరో పికప్పులు, అశోక్ లేలాండ్ దోస్తులు కూడా దిగాయి. బండ్లు పల్లెపల్లెకూ చేరాయి గాని, సాలూరు మేస్త్రి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి నేర్చుకునే ఓపిక వాటి వెంట రాలేదు. నేడు సెల్‌ఫోనులో ఒక వీడియో చూసి, పక్క ఊరి వెల్డింగు షాపుకు బండిని తోలుకుపోవడమే చదువు అయిపోయింది.

అదనపు పట్టీ

అన్నిటికన్నా ఎక్కువగా జరుగుతున్న మార్పు కమాను కట్టకు అదనపు పట్టీలు ఎక్కించడం. టన్నున్నర మోసే బండి రెండున్నర టన్నులు మోస్తే ఒక ట్రిప్పు మిగులుతుందన్నది లెక్క. పట్టీ ఎక్కించగానే వెనక భాగం కుంగదు. పైకి చూస్తే బండి నిటారుగా, బలంగా నిలబడినట్టే కనిపిస్తుంది. అసలు మోసం అక్కడే ఉన్నది.

కమాను పట్టీ బరువును నిలబెడుతుందే గాని ఆపలేదు. బండిని ఆపవలసినవి బ్రేకులు. అవి పాతవే. బరువును నేలకు దించవలసినవి టైర్లు. అవీ పాతవే. ఇరుసు, హబ్బు బేరింగులు, చక్రం నట్లు, ఛాసిస్ అన్నీ కంపెనీ మొదట లెక్క కట్టిన బరువుకే ఉన్నాయి. ఇంతకుముందు కుంగిన కమాను "ఇక చాలు" అని యజమానిని హెచ్చరించేది. పట్టీ ఎక్కించడం అంటే ఆ హెచ్చరిక నోరు నొక్కడమే.

దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దానికి బిగించిన వాల్వు ఉంటాయి. లోడు పడి బండి కుంగినప్పుడు ఆ కడ్డీ కదిలి, వెనక చక్రాలకు బ్రేకు బలం పెంచుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తుంది. అదనపు పట్టీలతో వెనక భాగం ఎత్తుగా నిలిచిపోతే, లోడు ఎంత ఉన్నా బండి ఖాళీగానే ఉన్నదని వాల్వు అనుకుంటుంది. అవసరం ఎక్కువైన చోటనే వెనక బ్రేకు తక్కువ పడుతుంది. ఈ సంగతి తెలియక ఆ కడ్డీని తీసి పక్కన పడేసేవారూ ఉన్నారు.

లెక్క కట్టి చూస్తే

బండి ఎంత మోయవచ్చునో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఆర్.సి. పుస్తకంలో, లేదా కార్డులో రెండు బరువులు ఉంటాయి. ఒకటి లోడుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు. రెండవది ఖాళీ బండి బరువు. మొదటిదాని నుండి రెండవదాన్ని తీసివేస్తే వచ్చేదే మోయదగిన బరువు. ఖాళీ బరువులో డ్రైవరు, పక్క మనిషి బరువు కలవదు గనుక వారిని కూడా ఈ మిగిలినదానిలోనే లెక్కించాలి.

ఉదాహరణకు మోయదగినది 1,500 కిలోలు అనుకుంటే, 40 కిలోల ధాన్యం సంచులు 37 పడతాయని పైపై లెక్క చెబుతుంది. కాని ఆ బండికి యజమాని ఇనుప కమ్మీలు, ఎత్తు పెంచిన పక్క తలుపులు, ముందు ఇనుప బంపరు, క్యాబిను మీద క్యారియరు బిగించాడు. వాటి బరువు 150 కిలోలు అనుకుందాం. డ్రైవరు, తోడు మనిషి కలిసి 130 కిలోలు. మిగిలింది 1,220. అంటే 30 సంచులే. ఏడు సంచుల బాడుగను ఇనుమే తినేసింది. ప్రతి ట్రిప్పులోనూ, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు కూడా, ఆ ఇనుమును మోయడానికి డీజిలు పోయవలసిందే. డబ్బు ఖర్చు పెట్టి చేయించుకున్న సోకు బాడుగలో కోత పెడుతున్నదని చాలామంది ఆలోచించడం లేదు.

ఇక పక్క తలుపులు ఎత్తు పెంచి గడ్డి, కొబ్బరి పీచు, జీడిపిక్కల బస్తాలు ఆకాశానికి పేర్చితే బరువు పైకి చేరుతుంది. ఊరి చెరువు గట్టు మలుపులో బండి పక్కకు ఒరగడానికి ఆ ఎత్తే కారణమవుతుంది. వెనక తలుపు దించి, దాని మీద కూడా సరుకు వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు చేతికి అందదు.

చట్టం మాట

తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అధిక లోడుకు చట్టంలో రాసి ఉన్న జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకూ మరొక 2,000. ముందున బిగించే ఇనుప బంపర్ల మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అవి తగిలితే పాదచారి బతికి బట్టకట్టడం కష్టమన్నది అందుకు ఒక కారణం.

మూడు టన్నుల మొత్తం బరువు దాటని సరుకు బండికి పర్మిటు అక్కరలేదు. దీనితో చిన్న బండికి ఏ నిబంధనలూ లేవని కొందరు అనుకుంటున్నారు. అది పొరపాటు. ఫిట్‌నెస్, బీమా, కాలుష్య పత్రం తప్పనిసరి. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలి. తనిఖీ ముందు రోజున కమ్మీలు విప్పి, మర్నాడు మళ్లీ బిగించడం కొందరికి ఆనవాయితీగా మారింది. కాగితం చేతికి వస్తుంది గాని, ఆ కాగితం బ్రేకు వేయదు.

తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను కూడా నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వేలాది చిన్న డ్రైవర్లకు ఇది పెద్ద ఊరట. చట్టం చూపిన ఆ వెసులుబాటును నిలుపుకోవలసిన బాధ్యత కూడా వారి మీదే ఉన్నది.

తొట్టిలో మనుషులు

అన్నిటికన్నా బాధాకరమైనది మనుషుల లోడు. పెళ్లి అంటే పికప్పు, అరసవల్లి మొక్కు అంటే పికప్పు, పైడితల్లి సిరిమాను చూడటానికి పికప్పు, నాట్లకూ కోతలకూ కూలీలను తీసుకుపోవడానికీ పికప్పే. ఇందుకోసం తొట్టిలో బల్లలు వెల్డింగు చేయించేవారు, వెనక నిచ్చెన బిగించేవారు ఉన్నారు. తమ ఊరివారే గదా, నాలుగు మైళ్లే గదా అన్న ధీమా.

సరుకు బండిలో సరుకు యజమాని, లేదా అతను పంపిన మనిషి ప్రయాణిస్తే బీమా వర్తిస్తుంది. 1994 సవరణ ఆ రక్షణ ఇచ్చింది. అంతకుమించి బండిలో ఎక్కిన ప్రయాణికులకు చట్ట ప్రకారమైన బీమా బాధ్యత కంపెనీ మీద లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొన్ని కేసుల్లో కంపెనీ ముందుగా చెల్లించినా, ఆ సొమ్మును తిరిగి యజమాని నుండే రాబట్టుకోవచ్చునని కోర్టులు ఆదేశించాయి. అంటే ఏమిటి? ఫైనాన్సు మీద బండి కొన్న చిన్న రైతు, ఒక్క మలుపులో బండితో పాటు ఇల్లు, ఎకరం భూమి కూడా పోగొట్టుకునే స్థితి వస్తుంది. అవతల కాలో చెయ్యో పోగొట్టుకున్న కూలి తల్లికి న్యాయం జరగడానికి ఏళ్లు పడుతుంది. ఇద్దరూ ఒకే ఊరివారు. ఇద్దరూ పేదవారే.

అయితే నేరమంతా బండి యజమాని మీద తోసేయడం కూడా న్యాయం కాదు. బస్సు వచ్చే ఊరి వారు తొట్టిలో నిలబడి ప్రయాణం చేయాలని ఎవరూ కోరుకోరు. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలవుతున్నది. మంచిదే. కాని బస్సే రాని ఊరి ఆడకూతురికి ఆ ఉచితం ఏ విధంగా ఉపయోగం? నాట్ల కాలంలో, కోతల కాలంలో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు నడిపితే సగం ప్రమాదం తప్పుతుంది.

ఇంటి దగ్గర చేయవలసినవి

ఇంటి వద్ద చేయదగిన పని చాలా ఉన్నది. నాటుబండి రోజుల్లో ఇరుసుకు కందెన వేయకుండా రైతు బండి కట్టేవాడు కాదు. ఆ అలవాటే పికప్పుకూ కావాలి. కమాను పిన్నులకు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లకు గ్రీజు గన్నుతో వేళకు గ్రీజు పట్టించాలి. టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు. ఆ హద్దు తెలిపే చిన్న దిమ్మెలు గాడిలోనే ఉంటాయి. చక్రం విప్పి బిగించిన తర్వాత కొంత దూరం నడిపి నట్లు మళ్లీ బిగించి చూడాలి.

కళ్లాల కాలంలో ధాన్యం దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేస్తుంది. గట్టి గాలి కొట్టి శుభ్రం చేస్తే కాగితం చిరిగి దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. అరిగితే మార్చడమే మేలు. డీజిలు ఫిల్టరులో చేరే నీటిని వానాకాలంలో తరచు వదలాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిలు ఘాటు దిగేటప్పుడు మరిగి, పెడలు నేలకు దిగిపోతుంది. రెండేళ్లకొకసారి దానిని మార్చడానికి అయ్యే ఖర్చు ఒక టైరు ధరలో కొద్ది భాగమే.

డీజిలు మిగులుతుందని ఘాటులో ఇంజను ఆపి, గేరు తీసి దొర్లించే అలవాటు ప్రాణాంతకం. ఇంజను ఆగితే బ్రేకుకు తోడుండే బలం ఆగిపోతుంది. ఒకటి రెండు సార్లు తొక్కేసరికి పెడలు రాయి అవుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది సాలూరు పాత డ్రైవర్ల మాట. అది నేటికీ చెల్లుతుంది.

సముద్ర తీరం బండ్లకు తుప్పు వేరే శత్రువు. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు చేపల లోడు నుండి కారే ఉప్పునీరు తొట్టి రేకును, దాని కింద ఛాసిస్‌ను లోపలి నుండి తింటుంది. లోడు దించిన రోజునే మంచినీటితో కడగాలి. నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా చూడాలి. తుప్పు రాకుండా వాడిన నల్ల ఆయిలు పూయడం పాత పద్ధతి. అది రబ్బరు బుష్షులను పాడుచేస్తుంది, బ్రేకులకు తగిలితే పట్టు పోతుంది. మిగిలిన ఆయిలును బావి దగ్గరో, పొలం కాలువలోనో పారబోయడం మరీ అన్యాయం. ఆ నీరు తాగేది ఆ ఊరివారే.

జాకీ మీద నిలిపిన బండి కిందికి దూరడం ఎంత అనుభవం ఉన్నవాడికీ తగదు. మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఛాసిస్ కింద గట్టి స్టాండు వేసిన తర్వాతే పడుకోవాలి. ఇటుకల దొంతర స్టాండు కాదు. అది పగిలే ముందు చెప్పదు.

కొత్త బండి, పాత అలవాటు

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.6 బండ్లు పాతవాటి వంటివి కావు. ఇంజనుకు కంప్యూటరు ఉంటుంది, పొగ గొట్టంలో వడపోత ఏర్పాట్లు ఉంటాయి. బ్యాటరీ తీగలు విప్పకుండా బాడీకి వెల్డింగు పెడితే ఆ కంప్యూటరు కాలిపోవచ్చు. నాలుగు కమ్మీల కోసం పోయినవాడు కొత్త కంప్యూటరు ఖరీదు మోయవలసి వస్తుంది. పొగ గొట్టం వడపోతలు పీకేస్తే బండి పరుగెత్తుతుందన్న ప్రచారం కూడా ఉన్నది. దానితో కాలుష్య పరీక్ష తప్పుతుంది, పొగ ఊరి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దీపాల సంగతీ అంతే. మామూలు హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లు. దాని స్థానంలో వంద వాట్లది పెడితే సన్నని తీగ వేడెక్కి కరుగుతుంది. గడ్డి లోడు మీద ఒక్క నిప్పురవ్వ చాలు. ఎదుటివాడి కళ్లు చెదిరి గుంతలో పడితే ఆ పాపం అదనం.

చేయవలసినది ఏమిటి?

జరిమానాల భయంతో మాత్రమే ఇది సర్దుకోదు. రవాణా శాఖ అధికారులు రోడ్డు మీద ఆపి రసీదు రాయడంతో సరిపెట్టకుండా, కోతలకు ముందు మండల కేంద్రాల్లో బ్రేకు, టైరు, కమాను పరీక్షా శిబిరాలు పెట్టాలి. ఆ రోజున దొరికిన లోపానికి జరిమానా వేయకుండా, సరిచేసుకోవడానికి గడువు ఇవ్వాలి. అప్పుడే యజమాని భయపడకుండా బండి తెస్తాడు.

పల్లె మెకానిక్కులకు, వెల్డర్లకు ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో సాయంకాలం తరగతులు నడపాలి. కొత్త బండ్ల కంప్యూటర్లు, బ్రేకులు, తీగల పని నేర్పాలి. సాలూరు వంటి చోట తరతరాల చేతిపని ఉన్నవారి చేత పాఠం చెప్పిస్తే కుర్రవాళ్లు శ్రద్ధగా వింటారు. ఏ మార్పుకు అనుమతి ఉన్నది, దేనికి లేదు అన్న జాబితాను తెలుగులో అచ్చువేసి ప్రతి వెల్డింగు షాపు గోడ మీద అంటించాలి. బండి అమ్మే కంపెనీలు కూడా తాళం చేతికిచ్చి చేతులు దులుపుకోకుండా, ఎంత బరువు మోయాలో తెలుగులో తొట్టి మీదే రాసి ఇవ్వాలి.

యజమానుల వంతు కూడా ఉన్నది. బాడుగ చాలడం లేదన్నది నిజం. ఒకరిని చూసి ఒకరు తక్కువకు ఒప్పుకోవడం, ఆ లోటును అధిక లోడుతో పూడ్చుకోవడం వల్లనే కమాను పట్టీలు పెరుగుతున్నాయి. ఊరి బండ్లవారంతా కూర్చుని, మోయదగిన లోడుకే గిట్టుబాటయ్యే బాడుగ కట్టుకుంటే పట్టీ ఎక్కించవలసిన అవసరమే రాదు. ఎడ్లబండి కాలంలో ఎద్దు మోకాళ్ల మీద పడేదాకా బస్తాలు వేసే రైతును ఊరు మెచ్చేది కాదు. ఎద్దుకు ఉన్న నోరు బండికి లేదు. దాని తరఫున యజమానే మాట్లాడాలి.